హత్సు ముసలమ్మ దాచిన చోటు

హత్సు ఇగరాషి నోటి సంగతి లోయలో తెలియనివాళ్లు లేరు. ఆ నోటికి జడిసి పోస్టాయన కూడా ఉత్తరాలు గడప దగ్గర పడేసి చల్లగా జారుకునేవాడు. అయితే ఆమె కోసుకొచ్చే ఉరుయి ఆకు సంగతి లోయ బయటి వాళ్లకు కూడా తెలుసు. కొండ మీద మంచు కరిగీ కరగకముందే తడి నేలలో మొలిచే లేతాకు అది. ఉడుకు నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి మిసో అనే పులిసిన సోయా ముద్ద అద్దుకుని తింటే జారుడుగా, కాస్త తియ్యగా ఉంటుంది. అందరూ కోసే ఆకే, కానీ హత్సు తెచ్చే ఆకు కాడ వేలంత లావుండి నోట్లో పెట్టగానే కరకరలాడేది. ఎక్కడ కోస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు.

లోయ మొదట్లో, పెద్ద రోడ్డు పక్కన దారి స్టేషను ఉంది. దూరం పోయే కార్లన్నీ అక్కడ ఆగుతాయి. దిగినవాళ్లు కాళ్లు సాగదీసుకుని, వేడి వేడి నూడిల్స్ తిని, లోయవాళ్లు తెచ్చిపెట్టిన ముల్లంగీ, ఎండబెట్టిన పండ్లూ, అడవి తీగతో అల్లిన బుట్టలూ చేతికందినవి కొనుక్కుని పోతారు. అక్కడ ప్రతి పొట్లం మీదా తెచ్చినవారి పేరుంటుంది. పాతకాపులకైతే అరకి పైన ఫోటో కూడా పెడతారు. సాయంత్రానికి మిగిలిపోయినది ఎవరిది వాళ్లే వచ్చి పట్టుకుపోవాలి, అది అక్కడి పద్ధతి. నలుగురి కళ్ల ముందూ మిగిలిన సరుకు బుట్టలో వేసుకుని ఇంటికి పోవడం ఎంత చిన్నతనమో అనుభవించినవాళ్లకే తెలుసు. హత్సుకి ఆ అనుభవం లేదు. ఆమె అర పొద్దున పదింటికే ఖాళీ. ఫోటోలో ఆమె నవ్వదు సరికదా, ఫోటో తీసినవాడి మీద కారాలు మిరియాలు నూరుతున్నట్టు ఉంటుంది.

ఆ స్టేషనులో బిల్లు కొట్టేది ఆమె కోడలు సుమియె. పల్లపు ప్రాంతం నుంచి కోడలై వచ్చి ముప్ఫై ఏళ్లు దాటినా అత్తగారి లెక్కలో ఇంకా బయటి పిల్లే. భర్త నొబొరు కడుపులో పుండు ముదిరి చనిపోయాక సుమియె ఈ ఉద్యోగంలో చేరింది. పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది అత్తాకోడళ్లిద్దరే.

ఆ కొండల్లో ఎవరి చోటు వాళ్లది. ఫలానా ఆకు ఎక్కడ కోశావని ఒకరినొకరు అడగరు. అడిగితే, నీ బీరువా తాళం ఎక్కడ పెడతావని అడిగినట్టే. అన్నదమ్ములు కూడా చెప్పుకోరు. చెప్పకుండానే చచ్చిపోయినవాళ్లు బోలెడంతమంది. హత్సు తన చోటు ఒక్క కొడుక్కే చూపించింది, వాడు బడికి పోయే వయసులోనే, ఎవరికీ చెప్పనని మాట తీసుకుని. కోడల్ని మాత్రం కొండ మొదటి మలుపు కూడా దాటనిచ్చేది కాదు. తెచ్చిన ఆకు కడగడం, ఏరడం, పొట్లాలు కట్టడం సుమియె వంతు.

"నీకు చూపించి ఏం లాభం? గడ్డికీ కూరకీ తేడా తెలియని పల్లం పిల్లవి."

ఈ దెప్పుడు సుమియె ఎన్నిసార్లు విన్నదో లెక్కలేదు. విన్న ప్రతిసారీ తల వంచుకుని ఆకు కడుక్కునేది. ఆమెకు ఆ చోటు తెలుసు మరి.

పెళ్లయిన మొదటి వసంతంలో అత్తగారి మాటలు పడలేక సుమియె దొడ్లో కూర్చుని ఏడుస్తుంటే, నొబొరు చెయ్యి పట్టుకుని కొండకి తీసుకుపోయాడు. వాగు చీలే దగ్గర ఎడమకి తిరిగి, పెద్ద తొచి చెట్టు దాటి పైకెక్కించి, ఆ తడి పల్లం చూపించాడు. నేలంతా పచ్చగా ఉరుయి. "అమ్మకి తెలిస్తే నన్ను పాతేస్తుంది," అని నవ్వాడు. సుమియె ఒక్క ఆకు కూడా కోయలేదు. ఆ తరవాత ఎప్పుడూ వెళ్లలేదు. నొబొరు పోయినప్పుడు, దహనం అయ్యాక, హత్సు ఏడవలేదు. బూడిద పెట్టెని ఒళ్లో పెట్టుకుని, "ఆ చోటు తెలిసినవాడు పోయాడు, ఇక నేనొక్కదాన్నే," అంది. పక్కనే కూర్చున్న కోడలి గుండె కలుక్కుమంది. కొడుకుతో ఆ తల్లికి, మధ్యలో మూడో మనిషి లేకుండా మిగిలింది అదొక్కటే. అది కూడా లాక్కోవడం సుమియెకి చేతకాలేదు. పైగా నొబొరు మాట తప్పాడని ఇప్పుడు చెప్పి ఎవరికేం ఒరుగుతుంది?

నిజానికి కిందటి చలికాలం నుంచే తేడా కనపడుతోంది. హత్సు పులుసులో మిసో రెండుసార్లు కలిపేది. ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, "నొబొరు ఇంకా రాలేదేం, మంచు పడేట్టుంది," అంది. సుమియె చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. మరుక్షణమే ముసలామె, "ఏంటలా చూస్తావ్? నాకు తెలుసులే," అని కసురుకుని లోపలికి పోయింది. సుమియె ఆ సంగతి ఎవరి చెవినా వేయలేదు. ముసలితనం కదా అని సర్దుకుంది. ఇలాంటివి సర్దుకునే కొద్దీ నెత్తిమీదకొస్తాయని అందరికీ తెలుసు, అయినా అందరూ సర్దుకునేవాళ్లే.

చెర్రీ పూలు రాలిపోతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున, ఎవరో ఆడమనిషి ఉరుయి పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది. సుమియె అలవాటుగా దాన్ని అందుకుంది, కానీ వేళ్లు ఆగిపోయాయి. ముప్ఫై ఏళ్లు ఆ ఆకు కడిగిన వేళ్లు అవి. ఉరుయి ఆకుకి కాడ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఈ పొట్లంలో ఒక మొక్కకి కాడ లేదు. ఆకు మీద విసనకర్రలా మడతలు. అదే తడి నేలలో, అదే రోజుల్లో, ఉరుయి పక్కనే మొలిచే విషపాకు అది. ఆ రోజు అత్తగారు, "నేనే కట్టుకుంటాలే, నువ్వు డ్యూటీకి పో," అని తనే పొట్లాలు కట్టి పంపింది.

"ఇది కాస్త వాడిందండీ. వేరేది ఇస్తాను, ఉండండి," అని సుమియె ఆ పొట్లం లాగేసుకుంది.

అర దగ్గరికి పోయి మిగిలినవన్నీ తిరగేసింది. ఇంకో రెండింటిలో కూడా ఉంది. తెరిచినప్పటి నుంచీ అమ్ముడైనవి కొన్ని ఉన్నాయి. పొట్లాలన్నీ ఏప్రనులో వేసుకుని సామాన్ల గదిలోకి పోయి తలుపు వేసుకుంది. కొన్నవాళ్లలో మంగలాయన తెలుసు, సత్రం నడిపే అమ్మాయి తెలుసు. వాళ్లకి ఫోన్ చేసి, ఆకు మీద మందు పడిందని ఏదో ఒకటి చెప్పి వెనక్కి తెప్పించుకోవచ్చు. అత్తగారి పేరు బయటికి రాదు. కానీ తెల్ల కారులో వచ్చి కొనుక్కుపోయిన ఆ పెద్దవయసు దంపతులు? వాళ్లెవరో, ఏ ఊరో. పేరు ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా అని ఎవరైనా అడిగితే క్షణంలో చెప్పేస్తాం. ఆ పేరు మన ఇంటిదైతే క్షణం చాలదు. సుమియెకి కూడా చాలలేదు. గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది.

స్టేషను మేనేజరు హొషి తలుపు తీశాడు. "సుమియె గారూ, బయట లైను పెరిగిపోయింది. ఒంట్లో బాగుండలేదా?"

సుమియె ఏప్రను విప్పి చూపించింది. హొషి కూడా లోయవాడే. ఒక్క చూపుకే ముఖం మాడిపోయింది.

"పెద్దమ్మవేనా ఇవి?"

"మా అత్తయ్యవే."

"పేరు చెప్పి మైకులో చెప్పించాలి. చెప్పకపోతే ఏ పొట్లమో ఎలా తెలుస్తుంది?" అన్నాడు, తన తప్పేదో ఉన్నట్టు నేల చూస్తూ.

"చెప్పించండి," అంది సుమియె.

ఆ లోయలో ప్రతి వీధి చివరా ఒక లౌడుస్పీకరు, ప్రతి వంటింట్లో ఒక చిన్న పెట్టె. వరదొచ్చినా, ఎలుగుబంటి దిగినా అందులోనే చెబుతారు. ఆ పొద్దున అందులోంచి ఒక ఆడగొంతు మెల్లగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది: దారి స్టేషనులో హత్సు ఇగరాషి పేరుతో ఉన్న ఉరుయి కొన్నవాళ్లు తినవద్దు, వెంటనే తిరిగి ఇవ్వండి. అదే మాట మళ్లీ చెప్పింది. కొండలకి తగిలి ఆ పేరు వెనక్కి వచ్చింది.

హత్సు పక్కింటాయన చిన్న ట్రక్కు ఎక్కి, బురద బూట్లతోనే వచ్చేసింది.

"ఎవడు వాగాడు ఆ మాట? నా పేరు మీద ఎవడో దొంగ సరుకు పెట్టుంటాడు. నువ్వు మేనేజరువా, చెరువు గట్టు మీద కొంగవా? చూసుకోనక్కర్లేదా?"

హొషి ఆ మొక్క తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. దూరంగా పెట్టి చూసింది.

"ఉరుయే ఇది. నీ ముక్కు నువ్వు తుడుచుకోలేని రోజుల నుంచి కోస్తున్నా. నాకు చెప్తావా నువ్వు?"

"అత్తయ్యా, వద్దు," అంటూ సుమియె అందుకోబోయే లోపే, ముసలామె ఆకు కొస ముందు పళ్లతో కొరికింది. ఆమె దవడ ఆగిపోయింది. కొరికిన ముక్కని అరచేతిలోకి ఊసి దాని వంక చూస్తూ ఉండిపోయింది. అక్కడున్నవాళ్లందరూ ఏదో పని ఉన్నట్టు పక్కకి తిరిగారు.

"చేదు," అంది, తనలో తను అనుకున్నట్టు. కళ్లు మోసం చేసినా నాలుక చేయలేదు.

సుమియె నీళ్లు తెచ్చి నోరు కడిగించింది. హత్సు తిన్నగా అర దగ్గరికి పోయి, మునివేళ్ల మీద లేచి, తన ఫోటో తనే తీసి బట్టల్లో దోపుకుంది. అప్పుడు కోడలి వైపు తిరిగింది.

"చెప్పింది నువ్వేనా?"

"నేనే అత్తయ్యా."

ఆమె ఇంకేమీ అనలేదు. తిట్టి ఉంటే సుమియె తట్టుకునేది. ముప్ఫై ఏళ్ల అలవాటు కదా.

మంగలాయన పొట్లం వచ్చింది, సత్రం అమ్మాయిదీ వచ్చింది. తెల్ల కారువాళ్లు పల్లపు పట్నం చేరి మధ్యాహ్నమే వండుకున్నారు. భర్త తిన్నాడు, భార్య చేదుగా ఉందని వదిలేసింది. ఆయన వాంతులు చేసుకుని, నాడి పడిపోయి ఆసుపత్రి పాలయ్యాడు. అదృష్టం బాగుండి గట్టెక్కాడు. ఆయన ఇల్లు చేరాడని తెలిసిన మర్నాడే అత్తాకోడళ్లు తీపి పెట్టె పట్టుకుని క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లారు. హత్సు నల్ల బట్టలు కట్టుకుంది. చాప మీద నుదురు ఆనించి వంగి, లేవలేదు. ఆ ఇల్లాలే లేవదీసింది.

"ఊరుకోండి, బతికి బయటపడ్డారుగా. ఏటా మీ ఆకు కోసమే వచ్చేవాళ్లం. ఫోటోలో మీ కోపం చూసి నవ్వుకునేవాళ్లం," అంది. ఆమె చెయ్యి పట్టుకుని, "ఇక కొండకి పోకండి పెద్దమ్మా," అంది.

కారులో తిరిగి వస్తూ హత్సు కిటికీ వైపు చూస్తూ, "మంచి మనిషి. తిట్టుంటే బాగుండేది," అంది. ఆ రోజంతా ఆమె ఆడిన మాట అదొక్కటే.

ఆ తరవాత ఆమె ఇంట్లోంచి కదలడం మానేసింది. ఇరుగుపొరుగు ఎవరూ ఆ ఊసెత్తలేదు. గుమ్మంలో ముల్లంగీ, పచ్చడి డబ్బాలూ పెట్టి వెళ్లిపోయేవారు. తిట్టే ముసలామె నోరు పడిపోయేసరికి లోయకి కూడా ఏదోలా ఉంది. చెయ్యాల్సిందే చేశానని సుమియెకి తెలుసు, అయినా చేసినందుకు తనే కుమిలిపోయేది. ఇక ఆమె కొండ ఎక్కదు, ఆ చోటు మళ్లీ చూడదు, కొడుకు తాలూకు ఆ చివరి ముక్క కూడా ఇంటి గోడల మధ్యే మాసిపోతుంది అనుకుంటే అన్నం సయించేది కాదు.

మంచు ఆలస్యంగా కరిగే పై వాలుల్లో ఉరుయి చివరి విడత మొలుస్తున్న రోజుల్లో, ఒక సెలవు పొద్దున, వెనక తలుపు చప్పుడైంది. సుమియె చూస్తే అత్తగారు నడుముకి బుట్ట కట్టుకుని కొండ దారిలో పోతోంది. ఎలుగుబంటిని బెదిరించే గంట కూడా మర్చిపోయింది. సుమియె రెండు అన్నం ముద్దలు చుట్టుకుని, గంట తగిలించుకుని పరుగెత్తింది. ఆ గంట మోతతో చాటుగా వెంబడించడం ఎలాగూ కుదరదు.

"ఇంటికి పో. ఎందుకొస్తున్నావ్ నా వెనక?" ముసలామె వెనక్కి తిరగకుండానే అరిచింది.

"ఊరికేనే అత్తయ్యా. నాకూ తోచట్లేదు."

"మళ్లీ మైకులో చెప్పిస్తావా?"

సుమియె వెనక్కి పోలేదు. ఆమె వెంట రావడం చూసి హత్సు గొణుక్కుంటూ నడిచింది. మొదటి మలుపు దాటింది. మూడు పదులు దాటిన కాపురంలో అత్తగారి వెంట ఆ మలుపు దాటడం సుమియెకి అదే మొదలు.

వాగు చీలే దగ్గర హత్సు ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. బూటు తాడు కట్టుకుంటున్నట్టు రాయి మీద కూర్చుంది. అది రబ్బరు బూటు, తాడే లేదు. కాసేపటికి ముసలామె లేచి, గట్టిగా తెలిసినట్టే, కుడివైపు లోయలోకి అడుగేసింది. అక్కడ వాగు మీద ఇంకా మంచు కప్పు ఉంది. పైకి గట్టిగా కనపడుతుంది, కింద అంతా డొల్ల. కాలు పెడితే మనిషి నిలువునా దిగిపోతుంది.

"అటు కాదత్తయ్యా. ఎడమకి. తొచి చెట్టు దాటాక పైకి."

నోట్లోంచి వచ్చేశాక తెలిసింది సుమియెకి, ఏమన్నదో. హత్సు మెల్లగా వెనక్కి తిరిగింది.

"నీకెలా తెలుసు?"

అబద్ధం వెతుక్కునే తీరిక లేదు. "నొబొరు చూపించాడు. పెళ్లైన కొత్తలో."

ముసలామె ముఖం చూడలేకపోయింది సుమియె. కొడుకు పోయినప్పుడు కూడా ఆ ముఖం అంత చిన్నబోలేదు.

"నాకు మాటిచ్చాడు వాడు," అంది హత్సు. "చిటికెన వేలు కలిపి మాటిచ్చాడు." నడుముకున్న బుట్ట తాడు బిగించుకుంది. అప్పుడు, "ఎన్నిసార్లు కోసుకున్నావ్?" అంది.

"ఆ ఒక్కసారే వచ్చాను. ఒక్కాకు కూడా కోయలేదు అత్తయ్యా. నిజం."

"ఎందుకని?"

"అది మీది కదా."

హత్సు ఎడమ దారి పట్టింది. దారంతా ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. సుమియె కూడా వెనక ఏడుస్తూనే నడిచింది. నడుముకున్న గంట మోగుతూనే ఉంది.

చోటు అలాగే ఉంది. నొబొరు చూపించిన నాటి పచ్చదనమే. ముసలామె ఒక దుంగ మీద కూలబడి, ఊపిరి తీసుకుని, ఇక ఉండబట్టలేక మొదలుపెట్టింది. "మొదలంటా కొయ్యకు. అలాక్కాదు, వేరు మిగలాలి. చేతులా అవి, కొయ్య గరిటెలా?" సుమియె కోసి తెచ్చిన ప్రతి మొక్క కాడా ఆమె కొస కొరికి చూసి, బుట్టలో వేసింది. మధ్యమధ్య విషపాకు మొలిచి ఉంది. సుమియె దాన్ని వేలితో చూపించి దాటిపోతుంటే ముసలామె కళ్లు చికిలించి చూసి, "ఊఁ," అంటోంది. నోరు తిరిగి వచ్చినందుకు సుమియెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఎండ పైకొచ్చాక ఇద్దరూ అన్నం ముద్దలు తిన్నారు. హత్సు తిని, ముద్దలు చుట్టిన కాగితం మడిచి, చుట్టూ చూసింది. చూపు ఆ పచ్చటి నేల మీద తిరిగి తిరిగి కోడలి మీదకొచ్చి ఆగింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"నువ్వేంటిక్కడ? నిన్నెవరు తీసుకొచ్చారు? ఈ చోటు నీకెవరు చెప్పారు?"

పొద్దుటి మాట ఒక్కటీ ఆమె దగ్గర లేదు. వాగు దగ్గర చూసిన ఆ ముఖం సుమియెకి కళ్ల ముందు ఆడింది. ఇప్పుడు మళ్లీ నొబొరు పేరు చెబితే ఆ తల్లికి అది మళ్లీ కొత్తగా తగులుతుంది. రేపు అడిగితే రేపు కూడా.

"మీరే చెప్పారు కదత్తయ్యా," అంది సుమియె. "పొద్దున మీరే తీసుకొచ్చారు. నేనిక ఎక్కలేను, ఇక నుంచి నువ్వు చూసుకో అన్నారు."

"నేనా?"

"మీరే."

హత్సు బుట్టలోని ఆకు వంక చూసింది. తరవాత బుట్ట నడుము నుంచి విప్పి, కోడలి వైపు జరిపింది.

"చెప్పే ఉంటాలే," అంది. "నీకు కాక ఇంకెవరికి చెప్తాను? కానీ నొబొరుకి తెలియనివ్వకు. వాడొక్కడికే చెప్పాననుకుంటున్నాడు పాపం, చిన్నబుచ్చుకుంటాడు."

"చెప్పను అత్తయ్యా," అంది సుమియె, బుట్ట తన నడుముకి కట్టుకుంటూ.